ఎస్తేరు బ్యాట్

సుగుణావతి మేడం దగ్గర క్రికెట్ నేర్చుకున్న వాళ్ళందరికీ ఆవిడ అలవాటొకటి బాగా తెలుసు. ఆట గురించి ఏదడిగినా తిన్నగా జవాబు చెబుతుంది. మోచెయ్యి ఎక్కడుండాలో, కాలు ఎటు పడాలో, క్యాచ్ చేతిలోంచి ఎందుకు జారిందో అరమరిక లేకుండా చెప్పేస్తుంది. మనుషుల గురించి అడిగితే మాత్రం ఆ తిన్నదనం ఉండదు. కాసేపు ఊరుకుని, ఎప్పుడో జరిగిన సంగతి ఒకటి ఎత్తుకుంటుంది. అది అయిపోగానే లేచి వెళ్ళిపోతుంది. దాని అర్థమేమిటని వెనకాల పడితే, "నేను కోచ్‌ని. నాకు అర్థాలు తెలియవు" అంటుంది.

కాకినాడలో ఆవిడ నడిపే అకాడమీలో మౌక్తిక అనే అమ్మాయి ఉండేది. డిగ్రీ పూర్తి చేసింది, జిల్లా జట్టుకి ఓపెనర్. ఆ ఏడు ఆమెతో పాటు ఓపెనింగ్‌కి దిగే నిఖత్‌కి ఒక కంపెనీ వాళ్ళు ఇంగ్లీష్ విల్లో బ్యాట్ బహుమతిగా ఇచ్చారు. అప్పటి నుంచి నిఖత్ పరుగులు పెరిగాయి. మౌక్తికవి తగ్గలేదు గాని, ఆమెకి తగ్గినట్టే అనిపించసాగింది. నిఖత్ ఫోర్ కొడితే అందరితో పాటు తనూ చప్పట్లు కొట్టేది. కొడుతున్నంతసేపూ చూపు బంతి వెళ్ళినవైపు కాక బ్యాట్ మీదే ఉండేది. నిఖత్ తన కిట్ సంచిని గోడకి చేరేసి వెళితే, అటుగా పోతూ కాలితో దాన్ని కాస్త పక్కకి జరిపేది. ఎందుకు జరిపిందని అడిగితే చెప్పలేకపోయేదేమో.

ఒక సాయంత్రం ప్రాక్టీసు అయిపోయి, మిగతావాళ్ళంతా వెళ్ళిపోయాక, మౌక్తిక మేడం దగ్గరికొచ్చి నిలబడింది.

"మేడం, ఒక్క మాట. కొడుతున్నది నిఖతా, నిఖత్ బ్యాటా?"

మేడం ఆమె చేతిలోని బ్యాట్ తీసుకుని, వేలి మెటికతో తట్టి చూసింది. "కర్రలో తేడా ఉంది. లేదంటే నేను అబద్ధం చెప్పినట్టే. నీది కాశ్మీర్ విల్లో. గట్టి చెక్క, బరువు కూడా. బంతి సరిగ్గా మధ్యలో తగిలితే పోతుంది, కొంచెం పక్కన తగిలితే నీ చేతులు ఝల్లుమంటాయి. ఆమెది ఇంగ్లీష్ విల్లో. మెత్తని చెక్క, తేలిక. మధ్యలోంచి కాస్త అటూ ఇటూ తగిలినా బంతిని తన్ని పంపిస్తుంది. అందుకే దాని ఖరీదు దీనికి ఎన్నో రెట్లు. అందులో మళ్ళీ మచ్చ లేకుండా, గీతలు సన్నగా తిన్నగా ఉన్నది ఇంకా ఖరీదు. మచ్చ ఉంటే ధర తగ్గుతుంది, ఆట తగ్గాలని ఏమీ లేదు. మనమిచ్చే డబ్బులో కొంత చేతికోసం, కొంత కంటికోసం. చాలా?"

"అయితే అలాంటిది నా చేతిలో ఉంటే, ఆ పరుగులు నావయ్యేవి కదా మేడం?"

ఇది ఆట గురించి అడిగిన ప్రశ్న కాదని ఆవిడకి తెలిసిపోయింది. బ్యాట్ తిరిగిచ్చేసి, పిచ్ పక్కనున్న రోలర్ మీద కూర్చుంది. మౌక్తికని కూడా కూర్చోమంది. అప్పుడు ఆవిడ చెప్పిన సంగతి ఇది.

మేడం తూర్పు గోదావరి జిల్లా అమ్మాయిల జట్టులో వికెట్ కీపర్‌గా ఆడే రోజులవి. ఆడపిల్లలు క్రికెట్ ఆడతారంటే నమ్మేవాళ్ళే తక్కువ, మంచి కిట్ ఉన్నవాళ్ళు మరీ తక్కువ. ఆ జట్టుకి ఓపెనర్లు ఇద్దరు. ఒకామె వకుళ. తండ్రి మున్సిపల్ ఆఫీసులో హెడ్ గుమాస్తా, కూతురి ఆటంటే ప్రాణం పెట్టేవాడు. రెండో ఆమె ఎస్తేరు. దుమ్ములపేట అమ్మాయి, తండ్రి సముద్రం మీద చేపల వేటకి పోయేవాడు. ఇద్దరికీ గాఢమైన స్నేహం. బస్సులో పక్కపక్కనే కూర్చునేవారు, ఒకే క్యారేజీలో తినేవారు. ఓవరు ఓవరుకీ పిచ్ మధ్యలో కలుసుకుని ఏం చెప్పుకునేవారో గాని, నవ్వుకుంటూ ఎవరి వైపుకి వాళ్ళు వెళ్ళేవారు. వకుళకి ఆటకి కావలసినవన్నీ ఉండేవి, ఎస్తేరుకి ఏవీ ఉండేవి కావు. ఎస్తేరు కట్టుకునే ప్యాడ్లు వకుళ వాడి వదిలేసినవి. గ్లవ్స్ కూడా అంతే. అవి ఇచ్చేటప్పుడు వకుళకి ఎంతో సంతోషంగా ఉండేది.

ఎస్తేరు మేనమామ ఒకాయన ఓడలో వంటవాడిగా పనిచేసేవాడు. ఇంగ్లండ్‌లో ఏదో రేవులో ఓడ ఆగినప్పుడు, మేనకోడలి కోసమని అక్కడ ఒక బ్యాట్ కొనుక్కొచ్చాడు. దాని మీద పేరున్న స్టిక్కరేమీ లేదు. ముందువైపు ఒక పక్కగా గోధుమరంగు మరక, టీ ఒలికినట్టు. చెట్టులో ఉన్నప్పుడే చెక్కకి పడిన మచ్చ అది. ఆ మచ్చ చూసి ఎవరూ కొనడం లేదని కొట్టువాడు ధర తగ్గించి ఇచ్చాడట. ఎస్తేరు దాన్ని పాత చీర ముక్కలో చుట్టి గ్రౌండుకి తెచ్చింది. అందరూ చుట్టూ మూగారు. వకుళ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "మీ మావయ్య దీంతో టీ వడకట్టాడేంటే?" అంది. అందరూ విరగబడి నవ్వారు. ఎస్తేరు కూడా నవ్వింది.

ఎస్తేరు ఆ బ్యాట్‌ని వెంటనే ఆటలోకి దించలేదు. కొత్త విల్లో మొహం మెత్తగా ఉంటుందనీ, అది గట్టిపడేదాకా మెల్లమెల్లగా దెబ్బలు వెయ్యాలనీ మేనమామకి ఆ కొట్టువాడు చెప్పి పంపించాడు. ఆమె దానికి అవిసె నూనె రాసి ఆరబెట్టింది. పాత బంతిని ఒక మేజోడులో వేసి మూతి కట్టి, రోజూ సాయంత్రం గుమ్మం ముందు కూర్చుని, ఆ బంతితో బ్యాట్ మొహమంతా, అంచులంతా టకటకా కొడుతూ ఉండేది. ఇరుగుపొరుగు విసుక్కున్నా మానలేదు. వారాల తరబడి అలా చేశాక గాని దాన్ని మ్యాచ్‌కి తేలేదు.

ఆ రోజు మొదటి డ్రైవ్‌కి వచ్చిన చప్పుడు విని, బౌండరీ దగ్గర కూర్చున్న సుగుణావతి తలెత్తి చూసింది. పెద్ద చప్పుడేం కాదు. నిండుగా, గుండ్రంగా ఉంది. ఎస్తేరు గట్టిగా ఊపినట్టు కూడా లేదు. బంతి మాత్రం ఇద్దరు ఫీల్డర్ల మధ్యలోంచి, వాళ్ళు కదిలేలోపే వెళ్ళిపోయింది. అవతలి కొసన నిలబడిన వకుళ పరుగుకని రెండడుగులు వేసి ఆగిపోయింది. బంతి వైపు చూడలేదు. ఎస్తేరు చేతుల్లోకి చూస్తూ ఉండిపోయింది.

అక్కడి నుంచి వకుళ మారింది. ఒక్కసారిగా కాదు. ముందు పిచ్ మధ్యలో నవ్వులు ఆగిపోయాయి. తర్వాత తన కాశ్మీర్ బ్యాట్ నుంచి కూడా అలాంటి చప్పుడు రప్పించాలని, ఆపవలసిన బంతిని కొట్టడం మొదలుపెట్టింది. చప్పుడు రాలేదు, బంతి మాత్రం గాల్లోకి లేచి ఎవరో ఒకరి చేతిలో పడేది. పేపర్లో జిల్లా వార్తల్లో మ్యాచ్ సంగతి వస్తే, ఎస్తేరు పేరున్న చోటు వేలితో మూసి మిగతాది చదివేది. "నువ్వూ ఒకసారి ఆడి చూడవే, భలే ఉంటుంది" అని ఎస్తేరు చాలాసార్లు బ్యాట్ ఇవ్వబోయింది. "నాకు అలవాటు లేని బ్యాట్‌తో ఆడను" అనేది వకుళ.

కాని ఒక మధ్యాహ్నం, అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు, సుగుణావతి తన గ్లవ్స్ మరిచిపోయి గదికి తిరిగొచ్చింది. లోపల వకుళ ఒక్కతే ఉంది. ఎస్తేరు బ్యాట్ చేతిలో ఉంది. గోడకి ఎదురుగా నిలబడి, రాని బంతిని ఒకదాన్ని ఎంతో నెమ్మదిగా, ఎంతో అందంగా కవర్స్ వైపు ఆడింది. ఆడి, చెవి ఒగ్గి నిలబడింది. ఆ తర్వాత తన చేతులు పట్టిన చోట పిడిని చున్నీతో తుడిచి, బ్యాట్‌ని మునుపు ఎలా ఉందో అలాగే సంచికి ఆనించి, బయటికి వచ్చేసింది. గుమ్మం పక్కకి తప్పుకున్న సుగుణావతిని ఆమె చూడలేదు.

ఆ వారంలోనే అమలాపురంలో జరిగిన మ్యాచ్‌లో ఎస్తేరు సెంచరీ కొట్టింది. జట్టులో ఎవరో ఆమె మెడలో వెయ్యడానికి చామంతి దండ తెచ్చారు. వకుళ పక్కనున్న వాళ్ళతో అంది: "కాళ్ళకి కట్టుకున్నవి నావి. చేతిలోది మావయ్యది. ఇక మధ్యలో దానిదేముంది, దండ వెయ్యడానికి?"

నెమ్మదిగా అనలేదు. ఎస్తేరుకి వినబడింది. మెడలో దండ పడగానే కిందికి వంగి ప్యాడ్ల పట్టీలు విప్పుకుంది. మర్నాడు ప్రాక్టీసుకి వచ్చేసరికి వకుళ సంచి పక్కన ఆ ప్యాడ్లు ఉన్నాయి. ఉతికి, తెల్ల పాలిష్ పట్టించి, తెగిన పట్టీ ఒకటి కొత్తగా కుట్టించి ఉన్నాయి. గ్లవ్స్ వాటి మీద పెట్టి ఉన్నాయి. ఎస్తేరు ఆ రోజు కాలేజీ జట్టు వాళ్ళ ప్యాడ్లు అడిగి తెచ్చుకుంది. ఒకటి కురచ, ఒకటి పొడుగు. వాటితోనే ఆడింది, వాటితోనే పరుగులు తీసింది. మధ్యాహ్నం ఇద్దరూ వేరువేరు చోట్ల కూర్చుని తిన్నారు.

ఆ పరిస్థితిలో రైల్వే సెలక్షన్ కబురొచ్చింది. ఆటగాళ్ళ కోటాలో ఉద్యోగం. ఒక బ్యాటర్‌ని తీసుకుంటారు, ఒక్కరినే. విజయవాడలో సెలక్షన్ మ్యాచ్. వకుళకీ ఎస్తేరుకీ కూడా పిలుపొచ్చింది. జట్లు నిండడానికి సుగుణావతితో పాటు మరికొందరిని కూడా రమ్మన్నారు. ఎస్తేరు ఇంట్లో ఆ ఉద్యోగం వస్తే తండ్రి ఇక తుఫాను రోజుల్లో పడవ తియ్యనక్కర్లేదు. వకుళ ఇంట్లో ఆ బాధ లేదు గాని, వకుళకి మరో బాధ ఉంది. ఎస్తేరుకి వచ్చి తనకి రాకపోతే ఎలా బతకడమన్నదే ఆమె ఆలోచన.

"ఆ బ్యాట్ లాంటిది నాకూ కావాలి నాన్నగారూ. దానికంటే మంచిది కావాలి" అంది తండ్రితో. ఆయన స్కూటర్ కొనుక్కుందామని దాచుకున్నది తీసి, హైదరాబాద్‌లో తెలిసినవాళ్ళ చేత తెప్పించాడు. మొదటి రకం ఇంగ్లీష్ విల్లో. పాలలా తెల్లగా ఉంది. పైనుంచి కిందిదాకా గీతలు దువ్వెన పళ్ళలా తిన్నగా దిగాయి. ఎక్కడా ఒక చుక్క మచ్చ లేదు. అది చేతికొచ్చింది సెలక్షన్‌కి ముందు రోజు.

విజయవాడ వెళ్ళే రైల్లో వకుళ దాన్ని బయటికి తీసి అందరికీ చూపించింది. ఎన్నాళ్ళ తర్వాతో ఎస్తేరు తనంతట తనే లేచి ఆమె దగ్గరికొచ్చింది. గీతల మీద వేలు పెట్టి కిందిదాకా జార్చింది. "అబ్బ, ఎంత బాగుందే!" అంది. తర్వాత కొంచెం తటపటాయించి, "వకుళా, ఇది ఇంకా దెబ్బలు తినలేదు. ఇంత సన్నగీతల చెక్క తొందరగా పలుకుతుంది, తొందరగా విరుగుతుంది కూడానట. అడుగు అంచు పచ్చిగా ఉంది చూడు. రేపటికి నీ పాతదానితో ఆడు. ఇంటికెళ్ళాక నేనే కూర్చుని కొట్టి పెడతాను" అంది.

"ఎందుకు? ఉద్యోగం నీకొచ్చేదాకా నన్ను పాత కర్ర పట్టుకోమంటావా?"

ఎస్తేరు మొహం ఎర్రబడింది. "నీ ఇష్టం" అని తన చోటికి వెళ్ళి కూర్చుంది. వకుళ పాత బ్యాట్ అసలు తీసుకురానే లేదు. అది ఇంట్లో తలుపు వెనకాల ఉంది.

సెలక్షన్‌కి వచ్చిన వాళ్ళని రెండు జట్లుగా విడగొట్టారు. వకుళ, ఎస్తేరు ఒక జట్టు. మళ్ళీ ఇద్దరే ఓపెనింగ్‌కి దిగారు. సుగుణావతి అవతలి జట్టులో కీపర్, వాళ్ళ వెనకాలే నిలబడి ఉంది. ఎస్తేరు బాగా మొదలుపెట్టింది. ముప్పై దాటాక, పిచ్ మీద పడిన బంతి ఒకటి లేవకుండా నేల పట్టుకుని వచ్చి వికెట్లకి తగిలింది. ఎవరూ ఆడలేని బంతి అది. ఎస్తేరు ఒకసారి పిచ్ వైపు చూసి, బ్యాట్ చంకలో పెట్టుకుని షామియానా వైపు నడిచింది. ఆమె వెళుతుంటే వకుళ మొహంలోకి వచ్చిన వెలుగు సుగుణావతి చూసింది. మిగతావాళ్ళకి అది కనబడి ఉండదు, హెల్మెట్లు లేని రోజులైనా సరే. వాళ్ళంతా పడిన వికెట్లవైపు చూస్తున్నారు, వకుళకి ఎదురుగా ఉన్నది కీపర్ ఒక్కతే.

ఆ తర్వాత వకుళ కొత్త బ్యాట్ కూడా పలికింది. రెండు ఫోర్లు వెళ్ళాయి. ఆ నిండు చప్పుడు తన చేతుల్లోంచి వచ్చేసరికి ఆమె నవ్వింది. నెలల తరబడి లేని నవ్వు. ఆ ఆనందం ఒక ఓవరు కూడా నిలవలేదు. ఫాస్ట్ బౌలర్ వేసిన బంతి నేరుగా కాళ్ళ దగ్గర పడింది. వకుళ బ్యాట్‌ని ఒక్క ఉదుటున కిందికి దించి ఆపింది. ఎండుపుల్ల తొక్కినట్టు చప్పుడైంది. చూస్తే బ్యాట్ అడుగున చెక్క చీలి, ఆ అందమైన గీతల వెంబడే పైకి పాకింది. ఒక పెచ్చు ఊడి పిచ్ మీద పడింది.

వకుళ వంగి ఆ పెచ్చు తీసుకుంది. దాన్ని చీలిక దగ్గర పెట్టి అతికించబోయింది, అతుక్కుంటుందన్నట్టు. అంపైర్ వచ్చి వేరే బ్యాట్ తెప్పించుకోమన్నాడు. జట్టులో మిగతావాళ్ళవి షామియానా కింద వరసగా ఉన్నాయి, అన్నీ కాశ్మీర్ కర్రలే. వకుళ వాటివైపు చూడలేదు. నేలవైపు చూస్తూ, "ఎస్తేరుని అడగండి. ఇస్తుందేమో" అంది.

కబురు వెళ్ళింది. షామియానా కింద ఎస్తేరు ప్యాడ్లు విప్పేసి కూర్చుని ఉంది. ఆమె బ్యాట్‌ని ఒళ్ళోకి తీసుకుంది. తీసుకుని, అలాగే కూర్చుంది. ఎంతసేపు కూర్చుందో గాని, అంపైర్ ఒకసారి వాచీ చూసుకున్నాడు. సెలక్టర్లు తలలు తిప్పి ఆమెవైపు చూశారు. ఉన్న ఉద్యోగం ఒకటి. తన ఇన్నింగ్స్ అయిపోయింది. వకుళ ఇప్పుడు ఔటైతే తన ముప్పై పరుగులే ఆ జట్టులో ఎక్కువ. అది లెక్కపెట్టలేనిది కాదు ఎస్తేరు.

చివరికి లేచింది. కబురు తెచ్చినవాళ్ళ చేతికివ్వకుండా తనే తీసుకొచ్చింది, హవాయి చెప్పులతో, ఎండలో. వకుళ చేతికిచ్చి, "అడుగున ఆడకు, నిన్నటి వానకి కాస్త ఉబ్బింది. మచ్చకి కొంచెం కింద తగిలేలా చూసుకో. అక్కడ బాగా పోతుంది" అంది. వకుళ "ఊఁ" అంది. అంతే.

ఆ తర్వాత వకుళ ఆడిన ఆట అంతకుముందెన్నడూ ఆడలేదు, ఆ తర్వాతా ఎక్కువసార్లు ఆడలేదు. ఆపవలసినవి ఆపింది, వదలవలసినవి వదిలింది, కొట్టినవాటిని ఎవరూ ఆపలేకపోయారు. మచ్చకి కొంచెం కింద తగిలిన బంతులన్నీ ఆ గుండ్రని చప్పుడుతో వెళ్ళిపోయాయి. పక్కన తగిలినవి కూడా వెళ్ళాయి. డెబ్బై పరుగులు చేసి ఔటవ్వకుండా తిరిగొచ్చింది. సాయంత్రం సెలక్టర్లు పేరు చదివారు. వకుళ.

షామియానా దగ్గర ఎస్తేరు ఎదురొచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. కళ్ళు తడిగా ఉన్నాయి. తనకి రానందుకు వచ్చిన తడి అది, ఆమె దాచుకోవడానికి ప్రయత్నించలేదు కూడా. అయినా గొంతులో సంతోషం నిజమైనదే. "నీ చేతిలో ఎంత బాగా పలికిందే! నేను కొడితే ఎప్పుడూ అలా పలకలేదు" అంది.

ఆ మాటకి వకుళ కరిగిపోతుందనుకుంది సుగుణావతి. ఇద్దరూ కావలించుకుంటారనుకుంది. వకుళ బ్యాట్‌ని ఎస్తేరు చేతిలో పెట్టి, చేతులు వెనక్కి తీసుకుంది. పాత ప్యాడ్లు ఇచ్చినప్పటి వకుళ వేరు, ఇప్పుడు పుచ్చుకుని తిరిగిచ్చేస్తున్న వకుళ వేరు. ఎస్తేరు ఏడ్చి గోల పెట్టి ఉంటే ఆమెకి బాగుండేది. బ్యాట్ ఇవ్వనని ఉంటే ఇంకా బాగుండేది. అప్పటిదాకా ఎస్తేరు బ్యాట్‌ని చూసి ఏడ్చింది. అప్పటినుంచి ఎస్తేరునే చూసి ఏడవాల్సి వచ్చింది.

తిరుగు రైల్లో ఎస్తేరు కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. వకుళ లేచి సుగుణావతి పక్కకి వచ్చి కూర్చుంది.

"నా బ్యాట్ విరక్కపోయినా ఆ పరుగులు కొట్టేదాన్నే కదే?"

"కొట్టేదానివేమో."

"ఏ బ్యాట్‌తోనైనా కొట్టేదాన్ని. ఇవాళ నా ఆట అలా ఉంది. బ్యాట్‌దేం లేదు."

"బ్యాట్‌దేం లేకపోతే, ఈ ఏడాదంతా ఎస్తేరు కొట్టినవన్నీ ఎస్తేరువే" అంది సుగుణావతి.

నిడదవోలు దాటాక వకుళ, "కాదులే. ఆ బ్యాట్‌లో ఏదో ఉంది" అంది. అని, తను అన్నమాట తనే విన్నట్టుగా ఆగింది. ఒళ్ళో పెట్టుకున్న చేతుల వైపు చూసుకుంది. ఉద్యోగం వచ్చిన మనిషి మొహంలా లేదది. సామర్లకోటలో దిగేటప్పుడు, నిద్రలేచిన ఎస్తేరు అందరి సంచులతో పాటు ఆమె సంచి కూడా అందుకోబోతే, "నాది నేను తెచ్చుకుంటాను" అని లాక్కుంది.

వకుళ రైల్వేలో చేరింది. చాలా ఏళ్ళు ఆడింది, బాగానే ఆడింది. జీతం రాగానే మంచి బ్యాట్ కొనేది, కొన్నాళ్ళకే ఇంకోటి కొనేది. కొట్టువాళ్ళు మచ్చలేని మొదటి రకం చూపిస్తే పక్కకి పెట్టి, "గోధుమరంగు మరకున్నది ఏదైనా ఉందా?" అని అడిగేదట. తక్కువ ధరకి అమ్ముకోవలసిన దాన్ని ఆమెకి ఎక్కువ ధరకి అమ్మి, వాళ్ళు తర్వాత నవ్వుకునేవారు. అవతలి కొసన ఎవరు ఆడుతున్నా సరే, ఓవర్ల మధ్యలో వాళ్ళ బ్యాట్ ఒకసారి అడిగి పుచ్చుకుని, వేలితో తట్టి చెవి దగ్గర పెట్టుకుని, ఏమీ అనకుండా తిరిగిచ్చేది. కూడా ఆడేవాళ్ళకి అదొక వింత.

ఎస్తేరుకి ఆ తర్వాత రైల్వే పిలుపు రాలేదు. రెండేళ్ళు అటూ ఇటూ తిరిగి, చివరికి తునిలో ఒక బడిలో పీఈటీ టీచరుగా చేరింది. తండ్రి ఆ రెండేళ్ళూ పడవ మీదే ఉన్నాడు. తుఫాను రోజుల్లో ఆమె రేవు దగ్గర నిలబడి చూసేది. ఆ రోజుల్లో బ్యాట్ ఇచ్చినందుకు బాధపడిందా అంటే, పడే ఉంటుంది. మనిషే కదా. ఆ బ్యాట్‌ని బడిలో ఆడపిల్లలకి ఇచ్చేసింది. వాళ్ళు తడి బంతితో ఆడి, ఎండలో పడేసి, ఒకనాడు దాన్ని పిడి దగ్గర రెండు ముక్కలు చేశారు. ఏడుపు మొహాలతో తెచ్చి చూపిస్తే, "ఎంత కొట్టారే, ముందది చెప్పండి" అని అడిగిందట.

మేడం అక్కడితో ఆపింది. గ్రౌండులో చీకటి పడుతోంది. నెట్స్ అవతల రోడ్డు మీద ఆటోలు లైట్లు వేసుకుని పోతున్నాయి. మౌక్తిక తన బ్యాట్‌ని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, దాని పిడి మీద గడ్డం ఆనించి కూర్చుంది. తర్వాత తలెత్తింది.

"ఇంతకీ ఆ డెబ్బై పరుగులు ఎవరివి మేడం?"

మేడం రోలర్ మీంచి లేచి, చీరకంటిన మట్టి దులుపుకుంది.

"వకుళ ఇప్పటికీ ఫోన్ చేసి నన్నిదే అడుగుతుంది. ఎస్తేరు ఎప్పుడూ అడగలేదు."